చర్మకారుని ఇంటి మిద్దె

 

ఈసారి వాక్య ధ్యానం కంటే చరిత్ర ఎక్కువ ఉంటుంది. ఓపిగ్గా చదవండి. దీనికంతటికీ కారణం ఒక ఫోటో.

ఆ దేశంలో ఈ యుద్ధం రాకముందు, 2023 ఫిబ్రవరిలో, మన సంఘం నుంచి ముగ్గురు యెరూషలేము యాత్రకు పోయి వచ్చినారు. అందులో ఒక అక్క ఉంది. పేరు రాయను, మీకు తెలుసు. పులివెందుల పక్క చీనీ తోటల్లో కాయలు కోసే కూలికి పోయి ఇద్దరు పిల్లల్ని చదివించింది. ప్రభుత్వం ఇచ్చే సాయం కొంత, చీటీ పాట డబ్బు కొంత, ప్రొద్దుటూరులో కుదువ పెట్టిన కమ్మలు కొంత, ఇట్లా కూడబెట్టి పోయింది. వచ్చిన వారం సాక్ష్యం చెప్పమంటే రెండు మాటలు చెప్పి కూర్చుంది. ఆ తర్వాత యాత్రలో ఆమెతో తిరిగిన వాళ్ళెవరో వాట్సాప్‌లో ఒక ఫోటో పెట్టినారు. సముద్రం ఒడ్డున టేబులు, పళ్ళెంలో నిండు చేప, పక్కన రొట్టె, గిన్నెలో ఒలీవ కాయలు. అక్క నవ్వుతా ఉంది.

అంతే. ఆ ఫోటో చూసి మనలోనే కొందరు అన్న మాటలు నా చెవిన కూడా పడినాయి. యాత్రకు పోయిందా, షికారుకు పోయిందా అని. గవర్నమెంటు డబ్బుతో చేపలు తిని వచ్చింది అని. ఇది జరిగి చాలా రోజులైంది, నేను మరిచిపోయినాను కూడా. మొన్న స్త్రీల సమాజంలో మళ్ళీ ఎవరో ఎగతాళిగా ఆ మాట ఎత్తినారంట. అప్పటినుంచి అక్క ఆరాధనకు వస్తుంది, ప్రేమ విందుకు మాత్రం కూర్చోదు. ప్రార్థన అయిన వెంటనే చెప్పులేసుకొని పోతుంది. ఇంటికి పోయి అడిగితే ఒకటే మాట: "నేనేం పాపం జేసినా అయ్యగారూ? ఆకలైంది, తిన్యా."

ఆ చేప తిన్న ఊరు ఏదని అడిగినాను. యొప్పే, అనింది. విమానం ఎక్కే ముందు చివరి రోజు ఒక పూట అక్కడ తిప్పినారంట.

యొప్పే! అక్కకు తెలియక అన్నది గానీ, బైబిలు మొత్తంలో ఆకలి గురించి, భోజనం గురించి ఏదైనా ఒక ఊరు పేరు చెప్పమంటే నేను చెప్పే ఊరు అదే.

ముందు ఆ ఊరి సంగతి చెప్తాను. మధ్యధరా సముద్రం ఒడ్డున చిన్న గుట్ట మీద ఉన్న పాత రేవు. సొలొమోను మందిరానికి లెబానోను మ్రానులు తెప్పలుగా కట్టి తెచ్చింది ఆ రేవుకే (2 దినవృ. 2). యోనా దేవుని మాట తప్పించుకొని ఓడ ఎక్కింది ఆ రేవులోనే. నీటిలో బండలు ఎక్కువ. మొన్నమొన్నటి దాకా పెద్ద ఓడలు దూరంగానే లంగరు వేసేవి, మనుషుల్ని పడవల్లో ఒడ్డుకు తెచ్చేవాళ్ళు. ఇప్పుడు దాన్ని జాఫా అంటారు, టెల్ అవీవ్ నగరంలో కలిసిపోయింది. గుట్ట మీద 1894లో కట్టడం పూర్తయిన పేతురు గుడి ఉంది. లైట్‌హౌసు పక్కన చర్మకారుడైన సీమోను ఇల్లు ఇదేనని ఒక ఇంటిని చూపిస్తారు. అది సొంతదారులున్న ఇల్లు, తలుపు బయట నిలబడి చూసి రావాల్సిందే.

అక్కకు అక్కడ బాగా గుర్తున్నది గుడి కాదు, ఒక చెట్టు. పాత యొప్పే సందుల్లో ఒక నారింజ చెట్టును పెద్ద గుడ్డు ఆకారం కుండీలో పెట్టి, గొలుసులతో గాల్లో వేలాడగట్టినారు. ఒక శిల్పి 1993లో చేసిన పని అది. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే అక్క మాత్రం, "చెట్టుకు నేల లేకుండా చేసినారే, పాపం" అనిందంట. చీనీ చెట్ల కింద బతికిన మనిషి చూపు అట్ల ఉంటుంది. ఆ ఊరి నారింజలు ఒకప్పుడు లోకప్రసిద్ధం. తోలు మందంగా ఉండే శమూటీ అనే రకాన్ని అక్కడి అరబ్బు రైతులు 19వ శతాబ్దంలో పెంచినారు. తోలు మందం కాబట్టి ఓడలో నెల తిరిగినా చెడేది కాదు. జాఫా నారింజలని పెట్టెల మీద రాసి యూరపుకు పంపేవాళ్ళు. మనం ఈ పండును చీనా దేశం పేరుతో చీనీ అంటున్నాం, అరబ్బులు పోర్చుగల్ పేరుతో బుర్తుకాల్ అంటారు. పండుకు మాత్రం ఇవేమీ తెలియవు.

సరే, షికారు మాటకు వద్దాం. ఈ గుంపు యాత్రలు, ఒక్క టికెట్టులోనే బండి, బస, భోజనం అన్నీ కలిపి ఇచ్చే పద్ధతి ఎవరు మొదలుపెట్టినారో తెలుసా? ఒక బాప్టిస్టు బోధకుడు. థామస్ కుక్ ఆయన పేరు. ఇంగ్లాండులో పల్లెపల్లెకూ నడిచి సువార్త చెప్పినవాడు, వడ్రంగి పని చేసినవాడు, సారాకు బద్ధ శత్రువు. 1841 జూలై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరోకు మద్యపాన వ్యతిరేక సభకు సుమారు 500 మందిని ఒక షిల్లింగు టికెట్టుతో రైల్లో తీసుకుపోయినాడు. కూలోడి చేతిలో సారా గ్లాసు తీసేస్తే దాని బదులు ఏదో ఒక సంతోషం చేతిలో పెట్టాలి కదా, రైలెక్కించి కొత్త ఊరు చూపిద్దాం అన్నది ఆయన ఆలోచన. 1869లో ఐగుప్తుకు, పాలస్తీనాకు మొదటి గుంపును తీసుకుపోయినాడు. గుడారాలు, వంటవాళ్ళు, కంచరగాడిదలు అన్నీ వెంట నడిచేవి. అదే ఏడు నవంబరులో సూయజ్ కాలువ తెరిచినారు. అంతవరకు ఆఫ్రికా చుట్టూ నెలల తరబడి తిరిగి వచ్చే మిషనరీ దొరలు, ఆ తర్వాత మధ్యధరా సముద్రం మీదుగానే మద్రాసులో దిగినారు. జమ్మలమడుగులో ఆసుపత్రి నడిపిన లండన్ మిషను వాళ్ళకు కూడా అదే దారి. ఆ కాంప్‌బెల్ ఆసుపత్రిలోనే అక్క పుట్టింది. మన మాజీ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు 1949లో పుట్టిందీ అక్కడే. ఆయన ప్రభుత్వమే 2008లో క్రైస్తవుల యెరూషలేము యాత్రకు సాయం మొదలుపెట్టింది. 2019లో, ఏడాది ఆదాయం 3 లక్షల లోపున్నవాళ్ళకు అది 60,000 రూపాయలైంది. ఈ సాయం ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ, దానికి ఇది చోటు కాదు. తీసుకున్న మనిషి అక్కడ ఉపవాసం ఉండాలని మాత్రం ఏ జీవోలోనూ లేదు.

ఇంకో ముచ్చట. ఆ సముద్రం దాటి మన జమ్మలమడుగు దాకా వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గండికోటకు వచ్చినాడు. మీర్ జుమ్లా ఆ కోటను పట్టుకొని ఎంతో కాలం కాలేదు. ముత్యాలు అమ్ముకోవడానికి వచ్చిన మనిషి, పనిలో పనిగా కోటను, పెన్నను, ఫిరంగులు పోత పోసే కొలిమిని, అన్నీ కళ్ళారా చూసి రాసుకున్నాడు. మీర్ జుమ్లా దర్బారులో కూర్చొని కాళ్ళ వేళ్ళ సందున, చేతి వేళ్ళ సందున కాగితాలు ఇరికించుకొని ఒక్కొక్కటే తీసి జవాబు చెప్పేవాడని కూడా రాసినాడు. ఆయన పుస్తకం 1676లో పారిస్‌లో అచ్చయింది. ఆ టావెర్నియే మనలాగే ప్రొటెస్టెంటు. వ్యాపారానికి వచ్చినవాడు చుట్టూ చూడకూడదని ఆయనకెవరూ చెప్పలేదు, మంచిదైంది. లేకుంటే ఆ కాలపు గండికోట మనకు ఇంతగా తెలిసేది కాదు.

పౌలు మాత్రం? ఏథెన్సులో సహచరుల కోసం ఎదురుచూస్తూ ఊరంతా తిరిగి వాళ్ళ దేవతా ప్రతిమలను గమనించి చూసినాడు. అట్లా చూడబట్టే తెలియబడని దేవునికి కట్టిన బలిపీఠం ఆయన కంట పడింది, ప్రసంగానికి మొదలు దొరికింది (అపొ. 17). రోమాకు ఖైదీగా పోతూ సురకూసైలో మూడు రోజులు, పొతియొలీలో సహోదరుల దగ్గర ఏడు రోజులు ఉన్నాడు (అపొ. 28). ఆ పొతియొలీ ఉన్న అఖాతంలోనే అవతలి పక్క పొంపేయి ఉంది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన ఊరు. అక్కడ వీధి వీధికీ ఉండే తిండి అంగళ్ళు ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయి. 2020 డిసెంబరులో ఒకటి లోకానికి చూపించినారు. రాతి దిమ్మెలో కుండలు దించి, వాటిలో వేడి వేడి కూరలు పెట్టి అమ్మేవాళ్ళు. దిమ్మె మీద కోడి, బాతుల బొమ్మలు రంగులతో వేసి ఉన్నాయి. కుండల అడుగున బాతు, మేక, పంది, చేప, నత్తల అవశేషాలు దొరికినాయి. మన ప్రొద్దుటూరులో సాయంత్రం కారం దోసెల బండి చుట్టూ మూగే జనాన్ని తలుచుకోండి, సరిగ్గా అదే.

ఇక్కడొక సంగతి గమనించాలి. రోమా పట్టణాల్లో బయట తినేది బీదవాళ్ళు. అద్దె మిద్దెల్లో ఇరుకు గదులు, పొయ్యి పెట్టుకోను తావుండదు, నిప్పు భయం వేరే. ధనవంతుడు ఇంట్లోనే పక్క మీద ఒరిగి బంధువులతో తినేవాడు. బీదవాడు బజారులో ముక్కాలి పీట మీద కూర్చొని, లేదా నిలబడి తినేవాడు. పెద్దమనుషులు ఆ అంగళ్ళను, అక్కడ తినేవాళ్ళను చులకనగా చూసేవాళ్ళు.

మన పల్లెల్లో తిరగబడి ఉండేది. ఇక్కడ హోటలంటే డబ్బున్నవాడిది. పైగా కూర్చునే హక్కు ఉన్నవాడిది.

ఇది నేను ఇంతకుముందు ఎక్కడా రాయలేదు. మా నాయన చెప్పులు కుట్టేవాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు సంత రోజున మన ఈ మూడు ఊళ్ళలోనే ఒక ఊరికి నన్ను వెంట తీసుకుపోయినాడు. హోటలు పేరు రాయను, ఇప్పుడది లేదు కూడా. లోపల బెంచీలు ఖాళీగా ఉన్నాయి. నాయన మాత్రం బయట గోడకు మేకులకు తగిలించిన గ్లాసుల్లో ఒకటి తీసి, తొట్టి నీళ్ళతో కడిగి చాచి పట్టుకున్నాడు. పైనుంచి టీ పోసినారు. తాగి మళ్ళీ కడిగి మేకుకు తగిలించినాడు. బోండా కావాలని నేను లోపలికి నడవబోతే భుజం పట్టి వెనక్కి లాగినాడు. గట్టిగా లాగినాడు, నొప్పి పుట్టింది. అప్పటికి అంటరానితనాన్ని నేరంగా చేసిన 1955 చట్టం వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ చట్టంలో హోటళ్ళ మాట ప్రత్యేకంగా రాసి ఉంది. మేకు మాత్రం గోడకే ఉంది.

ఇప్పుడు అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చివరి మాట తీసి చూడండి. దొర్కాను బతికించిన తర్వాత పేతురు యొప్పేలో చాలా దినాలు ఉన్నాడు. ఎవరింట్లో? చర్మకారుడైన సీమోను ఇంట్లో. లూకా ఆ వృత్తి పేరు ఊరికే రాయలేదు. 9లో ఒకసారి, 10లో రెండుసార్లు రాసినాడు. ఆ ఇల్లు సముద్రపు దరిని ఉందని కూడా చెప్పినాడు. దరిని ఎందుకుంది? గాలి బాగుంటుందని కాదు. యూదుల ధర్మశాస్త్ర వ్యాఖ్యానమైన మిష్నాలో ఒక నియమం ఉంది: చచ్చిన పశువుల్ని పడేసే చోటు, సమాధులు, తోళ్ళు ఊనే చోటు, ఈ మూడూ ఊరికి 50 మూరల దూరంలో ఉండాలి. తోళ్ళ పని ఊరికి తూర్పు దిక్కునే పెట్టుకోవాలి, వాసన ఊరి మీదికి రాకూడదని. భర్తను విడిచిపెట్టడానికి భార్యకు హక్కునిచ్చే కారణాల్లో అతడు చర్మకారుడు కావడం కూడా ఒకటని అదే మిష్నాలో ఉంది. చచ్చిన జంతువును ముట్టేవాడు సాయంకాలం దాకా అపవిత్రుడని లేవీయకాండం చెప్తుంది. రోజూ ముట్టేవాడి సంగతి చెప్పాలా?

దీన్ని పాశ్చాత్య దేశాల పండితులు పుస్తకాలు తిరగేసి అర్థం చేసుకోవాల్సి ఉంటుంది. మనకు అవసరం లేదు. మన ఏ పల్లెకైనా పోయి మాదిగపల్లె ఎక్కడుందో చూస్తే చాలు. 19వ శతాబ్దంలో కడప జిల్లాలో సువార్తను ముందుగా ఎత్తుకున్నది ఊరి బయటి ఆ మాలపల్లెలు, మాదిగపల్లెలే. వాళ్ళ మనవళ్ళమే ఈరోజు ఆదివారం తెల్లబట్టలేసుకొని ముందు వరుసలో కూర్చుంటున్నాం.

పేతురు ఆ ఇంటి మిద్దె మీద, మిట్టమధ్యాహ్నం, తోళ్ళ వాసన మధ్య ప్రార్థన చేస్తున్నాడు. ఆకలేసింది. కింద వంట అవుతోంది. అప్పుడే దర్శనం. ఆకాశం నుంచి దుప్పటి, అందులో అన్ని రకాల జంతువులు, లేచి చంపుకొని తినమన్న మాట. మూడుసార్లు. పేతురు మూడుసార్లూ ఒప్పుకోలేదు. మర్నాడు కైసరయకు ప్రయాణం, సుమారు 50 కిలోమీటర్లు. హేరోదు కట్టించిన కొత్త రేవు పట్టణం అది. సముద్రంలో రేవు గోడ కట్టడానికి ఇటలీ నుంచి అగ్నిపర్వత బూడిద ఓడల్లో తెప్పించి సున్నంలో కలిపినారు, నీళ్ళలోనే గట్టిపడేది. అంతటి పట్టణంలో రోమా శతాధిపతి కొర్నేలీ ఇంట్లో పేతురు అడుగుపెట్టినాడు, కొన్ని దినాలు ఉన్నాడు.

తిరిగి యెరూషలేముకు వస్తే సంఘం ఏమని నిలదీసింది? 11వ అధ్యాయం మొదట్లోనే ఉంది. నువ్వు అన్యులకు ఎందుకు బోధించినావని కాదు. వాళ్ళింటికి ఎందుకు పోయినావు, వాళ్ళతో ఎందుకు తిన్నావు అని. పరిశుద్ధాత్మ దిగివచ్చిన సంగతి తర్వాత అడిగినారు, ముందు పళ్ళెం సంగతి అడిగినారు. ఆ ఫోటో కింద వాట్సాప్‌లో వచ్చిన మాటలు చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది.

అక్కడితో పేతురుకు అంతా తేలిపోయిందా అంటే లేదు. కొన్నేళ్ళకు అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్నవాడు, యాకోబు దగ్గరి నుంచి కొందరు రాగానే మెల్లగా పక్కకు జరిగినాడు. పౌలు అందరి ముందరా ఎదిరించినాడు (గలతీ. 2). దర్శనం చూసినవాడికే మళ్ళీ జంకు పుట్టింది. కొరింథులో అయితే ఇంకో రకం తగువు. ఆ ఊళ్ళో అస్క్లేపియొస్ గుడికి ఆనుకొని భోజనాల గదులు ఉండేవి. గోడల వెంట పదకొండు మంది ఒరిగి తినేట్టు రాతి అరుగులు కట్టిన గదులు మూడు తవ్వకాల్లో బయటపడినాయి. పుట్టినరోజు, పెళ్ళి విందులకు అట్లాంటి చోటికే పిలిచేవాళ్ళు. ఐగుప్తులో సెరాపిస్ దేవుని పాన్పు దగ్గర రేపు తొమ్మిదో గంటకు భోజనానికి రమ్మని పిలిచే చీటీలు కూడా దొరికినాయి, మన పెళ్ళి పత్రికల్లాంటివే. పిలుపు వస్తే పోవాలా వద్దా, కటికి అంగట్లో మాంసం కొనాలా వద్దా అని పౌలు మూడు అధ్యాయాలు రాయాల్సి వచ్చింది. ఆ మూడు అధ్యాయాలూ తిండి గురించి అనుకుంటాం గానీ, చదివితే పక్కన కూర్చున్న మనిషి గురించి. ఆ తర్వాత 11వ అధ్యాయంలో ప్రభువు బల్ల దగ్గర ఉన్నవాళ్ళు ముందే తినేసి, లేనివాళ్ళను ఆకలితో నిలబెట్టినారని ఆయన మండిపడినాడు.

పోయిన మంగళవారం మళ్ళీ అక్క ఇంటికి పోయినాను, మా ఇంటామెతో. ఇవన్నీ చెప్పినాను. సీమోను చర్మకారుడని ఆమెకు తెలుసు, చిన్నప్పటి నుంచి విన్నదే. కానీ ఆ ఫోటోలో టేబులుకు, ఆ ఇంటికీ మధ్య నడిచి పోయే దూరమే అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ రోజు సంగతి చెప్పింది. ఆమె మాటల్లోనే రాస్తాను:

"టేబులు కాడికి పోతానే ఒక పిల్లోడు వచ్చి కుర్చీ వెనక్కి లాగినాడు అయ్యగారూ. ఎవురికో లాగుతున్నాడనుకొని నేను ఎనక్కి తిరిగి చూసినా. ఎవురూ లేరు. నాకే. కూర్చున్యాక, అమ్మా నీకేం కావాలని చేత్తో సైగ చేసినాడు. నన్ను ఆ మాట ఎవురూ అడగల్యా ఇంతవరకు, మా ఇంట్లో గూడా. సమాధి కాడ ఏడ్చల్యా నేను. ఆడ ఏడ్చినా. అది ఫోటోలో పడల్యా, నవ్వింది పడింది."

సాక్ష్యం రోజు ఇది ఎందుకు చెప్పలేదక్కా అంటే, చేప గురించి సాక్ష్యం చెప్తారా ఎవురైనా, అనింది.

ఆ చేప రుచి ఎట్లుంది అని మా ఇంటామె అడిగింది. గలిలయ సముద్రంలో దొరికే దాన్ని పేతురు చేప అంటారు, యాత్రికులకు చాలాచోట్ల అదే వడ్డిస్తారు. మన చెరువుల్లో దొరికే జిలేబి చేపకు అది దగ్గరి చుట్టం. ఆఫ్రికాలో పుట్టిన జిలేబి చేపను 1952లో మన దేశానికి తెచ్చినారు. "కారం లేదు, పులుసు లేదు, నిమ్మకాయ పిండుకొని తినాల. మన చేపే అది, డాలర్లు పెట్టి తిన్యా" అని నవ్వింది. ఒలీవ కాయలు మాత్రం నోట్లో పెట్టుకొని ఊసేసిందంట. నేరేడు పండు అనుకుంది. ఒలీవ అనే మాట అరవై ఏళ్ళు వింటూ వచ్చిన మనిషి! ఆ కాయ చెట్టు మీద నుంచి కోసి తింటే చేదు, నెలల తరబడి ఉప్పునీళ్ళలో ఊరేస్తే గానీ నోటికి రాదు. ఈసారి పోతే మళ్ళీ తిని చూస్తాను అనింది.

ఫోటో గురించి మాటలన్నవాళ్ళ పేర్లు నాకు తెలుసు. వాళ్ళలో ఇద్దరు నా దగ్గరికి వచ్చి మాట్లాడినారు. మిగిలినవాళ్ళు నా దగ్గరికి రానక్కరలేదు, అక్క దగ్గరికి పోతే చాలు.

వచ్చే ఆదివారం ఆరాధన అయినాక ప్రేమ విందు ఉంది. చేపల పులుసు తానే చేసి తెస్తానని అక్క ఒప్పుకుంది, మైలవరం నుంచి చేపలు తెచ్చే పని తమ్ముళ్ళు తీసుకున్నారు. సంగటికి రాగిపిండి, బియ్యం ఇంకా కావాలి, శనివారం సాయంత్రంలోపు మందిరంలో ఇవ్వండి. ఆకులు పరిచి అందరం ఒకే వరుసలో కూర్చుంటాం. వడ్డించేది ఈసారి మగవాళ్ళు.